స్పానిష్ ఇన్ఫినిటివ్: 'డం' అనాలా, 'తూ' అనాలా, 'కే' తగిలించాలా?

స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలో నా నోట్‌బుక్‌లో ఒక వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో పెద్ద సున్నా ఉండేది. ఈత మంచిది అని రాయబోయి 'నదాందో ఎస్ బుఎనో' అని రాశాను. ఇంగ్లీషులో 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్' అంటాం, స్విమ్మింగ్‌కి స్పానిష్‌లో 'నదాందో' అని అంతకు ముందు వారమే నేర్చుకున్నాను, ఇంకేం, లెక్క సరిపోయిందనుకున్నాను. స్పానిష్ వాళ్ళ చెవికి మాత్రం అది 'ఈదుతూ మంచిది' అన్నట్టు వినబడుతుంది. రాయాల్సింది 'నదార్ ఎస్ బుఎనో'. ఈదడం మంచిది.

ఆ సున్నా ఎందుకు పడిందో అర్థమయ్యాక నా మీద నాకే కోపం వచ్చింది. ఇంగ్లీషు మీదుగా పోకుండా తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు జరిగేదే కాదు. ఇంగ్లీషులో 'ఇంగ్' ఒక్కటే రెండు పనులు చేస్తుంది. తెలుగులో ఆ రెండు పనులకీ 'డం', 'తూ' అని విడివిడిగా రెండు రూపాలున్నాయి. స్పానిష్‌లోనూ రెండున్నాయి. ఒకటి 'ఆర్', 'ఎర్', 'ఇర్' లతో ముగిసే ఇన్ఫినిటివ్: అబ్లార్ (మాట్లాడటం), కొమేర్ (తినడం), బిబీర్ (బతకడం). రెండోది 'ఆందో', 'ఇయెందో' లతో ముగిసే హెరూందియో: అబ్లాందో (మాట్లాడుతూ), కొమియెందో (తింటూ). ఇవి కాక 'కే' (మన 'అని' లాంటిది) అనే మాట పెట్టి క్రియని సబ్జంక్టివ్‌లోకి, అంటే కోరిక, సలహా లాంటివి చెప్పే క్రియారూపంలోకి మార్చే దారి మూడోది ఉంది, దాని సంగతి కాసేపాగి చూద్దాం. స్పానిష్ మాటల్ని లాటిన్ అమెరికాలో పలికే తీరుకి దగ్గరగా రాస్తున్నాను. హెచ్ పలకదు, వి అక్షరం 'బ'లాగే పలుకుతుంది.

ఇన్ఫినిటివా, హెరూందియోనా?

పని పేరు చెప్తుంటే ఇన్ఫినిటివ్, ఆ పని సాగుతున్న తీరు చెప్తుంటే హెరూందియో. 'పొగ తాగడం చెడ్డది' అంటే 'ఫుమార్ ఎస్ మాలో'. 'నాకు చదవడం ఇష్టం' అంటే 'మే గుస్తా లెఎర్'. 'పాడుతూ లోపలికి వచ్చింది' అంటే 'ఎంత్రో కాంతాందో'. తెలుగులో మనసుకి 'డం' తడితే ఇన్ఫినిటివ్, 'తూ' తడితే హెరూందియో. ఈ ఒక్క పరీక్ష సగం వాక్యాలకి సరిపోతుంది.

ఇంగ్లీషులో విభక్తి లాంటి చిన్న మాటల తర్వాత కూడా 'ఇంగ్' వస్తుంది. బిఫోర్ ఈటింగ్, వితౌట్ స్పీకింగ్ అంటారు. నేటి స్పానిష్‌లో ఆ చోట హెరూందియోకి తావే లేదు. తినే ముందు: ఆంతెస్ దే కొమేర్. తిన్న తర్వాత: దెస్ప్వేస్ దే కొమేర్. తెలుగులో 'కుండా' అన్న చోట 'సిన్' పెట్టి ఇన్ఫినిటివ్ రాస్తే చాలు. తినకుండా వెళ్ళిపోయాడు: సే ఫ్వే సిన్ కొమేర్. 'డానికి' అన్న చోట 'పారా': నేర్చుకోవడానికి, పారా అప్రెందేర్. 'గానే' అన్న చోట 'ఆల్': ఇంటికి రాగానే, ఆల్ యెగార్ ఆ కాసా. ఈ 'ఆల్' నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది తెలుగులో ఒక ప్రత్యయంతో, స్పానిష్‌లో ఒక పొట్టి మాటతో తెమిలిపోతుంది.

'సెగీర్' (కొనసాగడం) అనే క్రియ దగ్గర జాగ్రత్త. ఇంకా చదువుతూనే ఉన్నాను అనడానికి 'సీగో ఎస్తుదియాందో' అనాలి. దీని తర్వాత హెరూందియోనే, ఇన్ఫినిటివ్ రాదు. కానీ కాదనే అర్థం రావాలంటే 'సిన్' వచ్చి పడి, దాని వెంట మళ్ళీ ఇన్ఫినిటివ్ వస్తుంది: 'సీగో సిన్ ఎంతెందేర్', నాకింకా అర్థం కావట్లేదు. స్పానిష్ క్లాసులో నేను ఎక్కువసార్లు వాడిన వాక్యం ఇదే.

కొన్ని చోట్ల రెండూ ఒప్పే, అర్థం మాత్రం మారుతుంది. 'బీ ఆ లా నీన్యా క్రుసార్ లా కాయె' అంటే పాప రోడ్డు దాటడం చూశాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మొత్తం చూశాను, పాప అవతలికి చేరింది. 'బీ ఆ లా నీన్యా క్రుసాందో లా కాయె' అంటే దాటుతుండగా చూశాను. నా కంటపడేసరికి పాప రోడ్డు మధ్యలో ఉంది, అవతలికి చేరిందో లేదో ఈ వాక్యం చెప్పదు. యాక్సిడెంట్ గురించి సాక్ష్యం చెప్పేవాడి నోట్లో ఈ తేడా చిన్నదేం కాదు. తెలుగులో 'దాటడం', 'దాటుతుండగా' అని మనం ఎలాగూ తేడా చూపిస్తాం కాబట్టి ఇది మనకి ఇట్టే పట్టుబడుతుంది.

తెలుగు దెబ్బకొట్టే చోట్లు

అలాగని తెలుగుని గుడ్డిగా నమ్మకూడదు. 'తిని వెళ్ళాను' అన్నప్పుడు మన 'తిని'కి స్పానిష్‌లో ఒంటిమాటగా జోడీ లేదు. అక్కడ 'కొమియెందో' పెడితే తింటూ వెళ్ళినట్టవుతుంది. ఒక పని ముగిశాక ఇంకో పని జరిగితే 'దెస్ప్వేస్ దే కొమేర్, మే ఫూయి' అనడం మేలు, లేదంటే 'ఇ' (మరియు) పెట్టి రెండు క్రియలుగా విడగొట్టాలి. స్పానిష్ వాళ్ళలోనూ కొందరు తర్వాత జరిగిన పనికి హెరూందియో వాడతారు. 'దొంగ పారిపోయాడు, కొన్ని గంటల తర్వాత దొరికిపోతూ' అన్న ధోరణిలో ఉంటుంది ఆ వాక్యం. వ్యాకరణం పుస్తకాలు దాన్ని వద్దంటాయి. తెలుగులో చదివితేనే నవ్వొస్తుంది కదా.

రెండో దెబ్బ 'రేపు వెళ్తున్నాను'. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇది మామూలే. స్పానిష్‌లో 'ఎస్తోయ్ సలియెందో' అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో గుమ్మం దాటుతున్నాను అని. రేపటి మాటయితే ఇన్ఫినిటివ్‌ని పట్టుకుని 'బోయ్ ఆ సలీర్ మన్యానా' అనాలి, లేదా సాదా వర్తమానంలో 'సాల్గో మన్యానా' అంటే సరిపోతుంది.

ఇన్ఫినిటివా, 'కే'నా?

అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. తెలుగులో 'నేను తినాలనుకుంటున్నాను', 'నువ్వు తినాలనుకుంటున్నాను' అన్న రెండు వాక్యాల్లోనూ 'తినాలి' మారలేదు. తినేది ఎవరైనా రూపం అదే. స్పానిష్ మాత్రం కోరుకునేది ఎవరు, తినేది ఎవరు అని అడుగుతుంది. ఇద్దరూ ఒకరే అయితే ఇన్ఫినిటివ్: 'కియేరో కొమేర్'. వేరే అయితే 'కే' పెట్టి క్రియని మార్చాలి: 'కియేరో కే కోమాస్'.

ఇంగ్లీషు అలవాటుతో ఇక్కడ ఇన్ఫినిటివ్ లాగించేస్తే ఏమవుతుందో చూడండి. 'ఐ వాంట్ యూ టు ఈట్' అనుకుని, 'యూ'కి 'తే' కదా అని 'తే కియేరో కొమేర్' అంటే దాని అర్థం 'నిన్ను తినాలని ఉంది' అని. భోజనానికి పిలిచిన మనిషి బెదిరిపోతాడు.

ఇదే లెక్క చిన్న మాటల తర్వాత కూడా నడుస్తుంది. నేను బయల్దేరే ముందు నేనే ఫోన్ చేస్తానంటే 'ఆంతెస్ దే సలీర్'. నువ్వు బయల్దేరే ముందు నేను ఫోన్ చేస్తానంటే 'ఆంతెస్ దే కే సాల్గాస్'. నేర్చుకోవడానికి 'పారా అప్రెందేర్', నువ్వు నేర్చుకోవడానికి 'పారా కే అప్రెందాస్'. ఇన్ఫినిటివ్ వెనకాలే కర్తని పెట్టి 'ఆంతెస్ దే యెగార్ యో' (నేను రాకముందు) అనే పద్ధతి కూడా ఉంది. కరీబియన్ ప్రాంతపు వాడుకలో ఆ 'యో' ముందుకి జరిగి 'ఆంతెస్ దే యో యెగార్' అవుతుంది. అచ్చం మన 'నేను రాకముందు' వరసే. విన్నప్పుడు సరదాగానే ఉంటుంది కానీ పరీక్షలో రాసే సాహసం చేయకండి.

ఎవరని లేకుండా అందరికీ వర్తించే మాటయితే ఇన్ఫినిటివే మేలు. 'ఎస్ ఇంపోర్తాంతె ఎస్తుదియార్', చదవడం ముఖ్యం. వేలు చూపించి ఒకరికి చెప్తుంటే 'ఎస్ ఇంపోర్తాంతె కే ఎస్తూదియెస్', నువ్వు చదవడం ముఖ్యం.

సలహా ఇవ్వడం, అనుమతించడం, నిషేధించడం లాంటి క్రియలు రెంటినీ ఒప్పుకుంటాయి. దాన్ని చదవమని సలహా ఇస్తున్నాను అనడానికి 'తే రెకొమియెందో లెఎర్లో' అన్నా 'తే రెకొమియెందో కే లో లేఆస్' అన్నా తప్పు లేదు. సబ్జంక్టివ్ రూపాలు ఇంకా నోటికి రాని వాళ్ళకి నేనైతే ఇన్ఫినిటివే చెప్తాను, మాట ఆగకుండా సాగిపోతుంది. కానీ ఇదే ధైర్యం 'దెసీర్' (చెప్పడం) దగ్గర చేయకూడదు. ఒకర్ని రమ్మని చెప్పడానికి 'కే' లేకుండా కుదరదు. ఇంకొకర్ని ఏదైనా చేయమని అడిగే 'పెదీర్' కూడా అంతే.

మధ్యలో ఏమైనా పెట్టాలా?

కావాలి, కుదురుతుంది, చెయ్యాలి లాంటి క్రియల తర్వాత ఇన్ఫినిటివ్ నేరుగా వస్తుంది. 'కియేరో ఇర్', 'పుఏదో ఇర్'. ఇంగ్లీషు 'టు'ని గుర్తు తెచ్చుకుని 'కియేరో ఆ ఇర్' అనేవాళ్ళు కోకొల్లలు. ఆ 'టు' ఇన్ఫినిటివ్ లోపలే ఉంది, మళ్ళీ బయటినుంచి తేనక్కర్లేదు. కానీ మొదలుపెట్టడానికీ నేర్చుకోవడానికీ 'ఆ' తప్పనిసరి: 'అప్రెందో ఆ నదార్'. ఇవి క్రియతో పాటే బట్టీ పట్టాలి, వేరే దారి నాకు దొరకలేదు. ఒక్క చిన్న మాట ఎంత మారుస్తుందో 'దెహార్' దగ్గర తెలుస్తుంది. 'దెహార్ ఫుమార్' అంటే పొగ తాగనివ్వడం, 'దెహార్ దే ఫుమార్' అంటే తాగడం మానేయడం.

బోర్డు మీద ఒకలా, మనిషితో ఒకలా

ఎవరో ఒకరికని కాకుండా లోకానికంతటికీ చెప్పే ఆజ్ఞకి ఇన్ఫినిటివ్ చక్కగా అతుకుతుంది. 'నో ఫుమార్' అని బోర్డు ఉంటుంది, తలుపు మీద 'ఎంపుహార్' (తోయండి) అని ఉంటుంది. వంటల పుస్తకాలూ ఇలాగే రాస్తాయి. ఎదురుగా ఉన్న మనిషితో అయితే విధి రూపమే వాడాలి.

స్పెయిన్‌లో 'మీరంతా' అని చనువుగా పిలిచే చోట ఈ గీత చెరిగిపోతోంది. కూర్చోండి అనడానికి 'సెంతాఓస్' అనాల్సింది పోయి చాలామంది ఇన్ఫినిటివ్ లాంటి 'సెంతారోస్' అంటారు. వెళ్ళండి అనడానికి పుస్తకాల రూపం 'ఈదోస్'. అది జనం నోట దాదాపు వినబడదు, అనేది 'ఈరోస్'. 1713లో పుట్టిన స్పానిష్ భాషా అకాడమీ చివరికి 2017లో ఆ 'ఈరోస్' ఒక్కదానికి సరేనంది. 'సెంతారోస్' ఇప్పటికీ తప్పు కిందే లెక్క.