పాత ఇంటి గోడకు సున్నమా, ఎమల్షనా?

మట్టి, సున్నంతో కట్టిన పాత ఇంటి గోడలకు రంగు ఎంచుకునేటప్పుడు ముందుగా చూడవలసినది వర్ణపట్టిక కాదు, గోడలోని చెమ్మ. కాల్చిన సున్నపురాళ్ళను నీళ్ళలో విరియబెట్టి, వడగట్టి, పట్టుకోసం కాస్త జిగురు, తెలుపు మెరుపుకోసం చిటికెడు నీలిమందు కలిపి పూసిన పూత, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా రాయిలా గట్టిపడుతుంది. అయినా దానిలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ బయటికి పోగలుగుతుంది.

నీళ్ళతో కలిపి వేసే ఎమల్షన్ రంగు పని వేరు. అది గోడమీద పలుచని ప్లాస్టిక్ పొరగా పరుచుకుంటుంది కనుక, పిల్లల చేతి మరకలను తడిగుడ్డతో తుడిచేయవచ్చు, కోరిన రంగు దొరుకుతుంది. సున్నంలో మాత్రం దాని క్షారానికి నిలిచే జాజు, పసుపుమట్టి వంటి ఖనిజ వర్ణాలే నిలుస్తాయి. అవి లేతగానే తేలుతాయి, ఆ లేతదనమే నాకు ఎంతో ఇష్టం.

మా పాత ఇంటి వంటగది గోడకు ఎమల్షన్ వేయించినప్పుడు, ఒక్క వానాకాలం తిరగకముందే అడుగు ఎత్తు వరకు బొబ్బలు లేచాయి. గోటితో గీరితే పొర అప్పడంలా ఊడివచ్చి, వెనుక తెల్లని ఉప్పుపొడి రాలింది. గోడలోని చెమ్మ ఆ పొర దాటి బయటికి పోలేకపోవడమే దీనికి కారణం; పాత సున్నాన్ని పూర్తిగా గీకకుండా దానిమీదే రంగు వేయడం కూడా ఒక కారణం.

పొడిగా ఉండే సిమెంటు గోడలకు ఎమల్షన్ నిస్సందేహంగా మేలు. చెమ్మ ఎక్కే పాత గోడకైతే, బట్టలకు కాస్త అంటినా, రెండు మూడేళ్ళకొకసారి మళ్ళీ వేయవలసివచ్చినా, నేను సున్నాన్నే ఎంచుకుంటాను.