స్ట్రాన్షియం రెజిన్: వాండా సరస్సు ఉప్పు మీద వాడి చూశాక

ఉప్పునీటిలోంచి స్ట్రాన్షియం అనే లోహాన్ని విడదీసే క్రౌన్ ఈథర్ రెజిన్‌ని (లోహపు అయాన్లను పట్టుకునే రసాయనం పూసిన సన్నటి పూసలు) రెండేళ్లుగా వాడుతున్నాను. ధర చూసి మొదట్లో జంకాను. ఇప్పుడు సీసా అడుగంటుతోందంటేనే నాకు టెన్షన్.

నా పనంతా అంటార్కిటికాలో రైట్ లోయలోని వాండా సరస్సు నీళ్లతో. పైన మూడు నాలుగు మీటర్ల మంచు, అడుగున 25 డిగ్రీల వెచ్చటి నీరు, అందులో దండిగా కాల్షియం క్లోరైడ్. ఆ ఉప్పు సముద్రానిదా, చుట్టూ ఉన్న రాళ్లదా? స్ట్రాన్షియం ఐసోటోపులు (ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులు) 87, 86ల నిష్పత్తి చూస్తే తెలుస్తుంది. సముద్రంలో ఎక్కడ ముంచినా అది 0.7092. పాత గ్రానైట్‌లో మాత్రం రుబీడియం కోట్ల ఏళ్లుగా స్ట్రాన్షియం 87గా మారుతూ ఉంటుంది కాబట్టి అంకె పైకి పోతుంది. 1967లోనే భూరసాయన శాస్త్రవేత్తలు లోయిస్ జోన్స్, గుంటర్ ఫోర్ ఈ సరస్సుకు 0.714 పైన తేల్చి, ఉప్పు రాళ్లదేనన్నారు. అప్పట్లో అమెరికా నేవీ ఆడవాళ్లను అక్కడికి తీసుకెళ్లేది కాదు. జోన్స్ మహిళ కాబట్టి, మగవాళ్లు తెచ్చిచ్చిన నీళ్లతోనే ఆ పని చేశారు. నేను రెజిన్ మీద మొదట పోసింది కూడా వాండా అడుగు నీళ్లే. మాకూ 0.714 పైనే వచ్చింది.

ఆ నీళ్లలోంచి స్ట్రాన్షియాన్ని విడదీయడంలో చిక్కు కాల్షియంతోనే. పాత పద్ధతిలో పొడవాటి కాలమ్ (రెజిన్ నింపిన గొట్టం) దగ్గర రోజంతా కూర్చున్నా స్ట్రాన్షియంతో పాటు ఎంతోకొంత కాల్షియం వచ్చేసేది. ఈ రెజిన్ 3 మోలార్ గాఢత ఉన్న నైట్రిక్ యాసిడ్‌లో స్ట్రాన్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కాల్షియం, రుబీడియం కిందికి జారిపోతాయి. తర్వాత శుద్ధమైన నీళ్లు పోస్తే పట్టు వదిలేస్తుంది. రుబీడియం పోవడం చాలా ముఖ్యం. దాని 87 ఐసోటోపుదీ స్ట్రాన్షియం 87దీ దాదాపు ఒకే బరువు, పరమాణువుల బరువులు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ రెండింటినీ కలిపి లెక్కేస్తుంది. ఒక్కో కాలమ్‌కి రెండు మిరియపు గింజలంత రెజిన్ చాలు. పొద్దున మొదలుపెడితే భోజనం వేళకి అయిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడు గ్లవ్స్‌కీ గరిటెకీ అంటుకుపోతుంది. ముందురోజే నీళ్లలో నానబెట్టాలి, లేదంటే పైకి తేలి బుడగలు పడతాయి. పొటాషియం ఎక్కువున్న నమూనాలో స్ట్రాన్షియం సరిగా నిలవదు, పలచన చేసి పోయాలి. డబ్బు మిగులుతుందని ఒకసారి వాడినదాన్నే కడిగి మళ్లీ వాడాను. ముందు నమూనా జాడ మిగిలిపోయి సముద్రపు నీటి అంకె పైకి జరిగింది. వారం పని మళ్లీ చేశాను.

కొనేవాళ్లు 50–100 మైక్రాన్ల పూసలున్న రకం తీసుకోండి. అంతకన్నా సన్నదైతే ద్రవం దానంతటది దిగదు, పంపు పెట్టాలి. నేను ఇంకో సీసాకి ఆర్డర్ పెట్టాను.