బైబిల్ బొమ్మకు ఏది మేలు: చెక్క దిమ్మా, రాగి పలకా?

16వ శతాబ్దపు యూరప్‌లో బొమ్మల బైబిల్ వేయదలచిన ముద్రాపకుడు ముందు ఒకటి తేల్చుకోవాలి: బొమ్మ అక్షరాలతో కలిసి అచ్చు కావాలా, విడిగానా?

కలిసి కావాలంటే చెక్కే. పియర్ లాంటి గట్టి చెక్క మీద, తెల్లగా ఉండాల్సిన చోటల్లా చెక్కి తీసేస్తారు. ఉబ్బుగా మిగిలిన గీతే సిరా పట్టుకుంటుంది. దిమ్మె ఎత్తు సీసపు అక్షరాలతో సమానమైతే రెండింటినీ ఒకే చట్రంలో బిగించి ఒకే దెబ్బకు అచ్చు తీయొచ్చు. 1522 సెప్టెంబరులో విట్టెన్‌బెర్గ్‌లో వచ్చిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్ కొత్త నిబంధనలో, దాని చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథానికి చిత్రకారుడు క్రానాఖ్ చిత్రశాల ఇచ్చిన 21 నిండు పేజీ బొమ్మలు చెక్కవే. ఆ గ్రంథంలో పాపానికి ప్రతీకగా వచ్చే బబులోను మహావేశ్య తల మీద పోపు మూడంతస్తుల కిరీటం పెట్టారు. గొడవ రేగడంతో డిసెంబరు ముద్రణకు పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటంగా మార్చారు. చెక్కలో తీసేయడం అంత తేలిక. చేర్చాలంటే మాత్రం ఆ చోట తొలిచి కొత్త ముక్క బిగించాలి.

చెక్కకు రోగాలూ ఉన్నాయి. సన్నని గీత విరిగితే అచ్చులో తెల్లని సందు పడుతుంది. పురుగు తొలిస్తే తెల్లని చుక్కలు వస్తాయి, ఎండితే దిమ్మె చీలుతుంది. అడ్డుగీతల నీడ వేయాలంటే గీతల మధ్య ప్రతి గడినీ విడిగా తవ్వాలి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1498 నాటి ప్రకటన గ్రంథ చిత్రాల్లోని నీడలు చూస్తే ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

రాగిలో గీత గీస్తే చాలు. బ్యూరిన్ అనే మొనదేలిన ఉక్కు పనిముట్టుతో గాడి తీసి, సిరా కూరి, పైభాగం తుడిచి, తడి కాగితంతో రెండు రోలర్ల మధ్య నెడతారు. గాడి లోతు మారితే గీత ముదురుతుంది, పలచబడుతుంది. ముఖంలో నీడ ఆడుతుంది. కానీ ప్రతి అచ్చుకూ మళ్లీ సిరా, మళ్లీ తుడుపు. అక్షరాల పేజీకి రెండో ప్రెస్సు కావాలి. ఈలోగా కాగితం కుంచించుకుంటే బొమ్మ పక్కకు జరిగి వచనం మీదికి ఎక్కుతుంది. ఒత్తిడికి పలక అరిగి సన్నగీతలు ముందుగా మాయమవుతాయి.

అందుకే వచనమే ప్రధానమైన చవక బైబిల్‌కు నా ఓటు చెక్కకే. ధ్యానానికి బొమ్మే ప్రధానమైతే రాగి. 1593లో ఆంట్‌వెర్ప్‌లో వచ్చిన, క్యాథలిక్ గురువు నదాల్ కూర్చిన సువార్త చిత్రాలు 153. అందులో ఎక్కువ భాగం రాగి చెక్కుడుకారులైన వీరిక్స్ సోదరుల పని. బొమ్మలోని ప్రతి ఘట్టానికీ ఒక అక్షరం గుర్తు పెట్టి, దాని వివరణను కిందే, అదే పలకలో చెక్కారు. చట్రంతో పేచీయే లేదు. 1580లో జెసూట్ అనే క్యాథలిక్ మతసంఘం వారు అక్బర్‌కు సమర్పించిన, ఆంట్‌వెర్ప్ ముద్రాపకుడు ప్లాంటిన్ వేసిన బహుభాషా బైబిల్‌లోనూ ముఖచిత్రాలు రాగివే, లోపలి వచనం సీసపు అక్షరాలది.

పాత పేజీ చేతికొస్తే బొమ్మ చుట్టూ వేలితో తడమండి. కాగితంలోకి నొక్కుకున్న దీర్ఘచతురస్రపు అంచు తగిలితే రాగి పలక.