చుక్కలా, సూదా? పోలియో టీకాల్లో ఏది మేలు

పర్లాకిమిడి బజారులో మందుల షాపు నడిపేవాడికి రెండు భాషలూ తప్పవు. సగంమంది తెలుగులో అడుగుతారు, సగంమంది ఒడియాలో. కొందరు మాట మొదలెట్టేది ఒకదాంట్లో, ముగించేది ఇంకోదాంట్లో. పోయిన నెల మా వీధి కోడలు ఒకమ్మాయి ఆరు వారాల పాపని ఎత్తుకుని వచ్చింది. పుట్టిల్లు పక్కనే, ఆంధ్రావైపు పాతపట్నం. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆశా దీదీ ఇచ్చిన టీకాల కార్డు, రెండోది ఒక ప్రైవేట్ క్లినిక్‌లో రాసిచ్చిన చీటీ.

"ఏటి బాబాయ్, పోలియోకి సూది వేయించేస్తే చుక్కలు అక్కర్లేదంట? అత్తయ్యేమో 'మా అబ్బాయికి చుక్కలే కదా వేశాం, దుక్కలా లేడా, పసిగుడ్డుకి సూదెందుకు' అంటోంది. ఏది మంచిది?"

అత్తగారి మాట తీసిపారేసేది కాదు. మన దేశంలో పోలియోని తరిమింది ప్రధానంగా ఆ రెండు చుక్కలే. 1995లో మొదలైన పల్స్ పోలియో ఆదివారాలు, ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు ఎవరు మర్చిపోతారు? సహజంగా తిరిగే పోలియో వైరస్‌తో దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చిలో మనకి పోలియోరహిత సర్టిఫికెట్ వచ్చింది. అయితే అత్తగారి అబ్బాయి తాగిన చుక్కలూ, ఇప్పుడు మనవరాలికి వేసే చుక్కలూ ఒకటి కావు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ వైరస్ ఒంట్లోకి ఎలా వస్తుందో చూడాలి. మురికి చేతుల వల్లో, పాడు నీళ్ల వల్లో నోట్లోకి వెళ్తుంది. పేగు గోడలో పెరుగుతుంది. అక్కణ్నుంచి రక్తంలోకి దిగుతుంది. ఎప్పుడో ఒకసారి వెన్నుపాము దాకా వెళ్లి, కండరాలను కదిలించే నరాల కణాలను చంపేస్తుంది. సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒకరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావాళ్లకి పెద్దగా ఏమీ కాదు గానీ, వారాల తరబడి మలంలో వైరస్‌ని వదులుతూ ఉంటారు.

చుక్కల మందులో ఉండేది బతికున్న వైరసే, బలం తగ్గించినది. ఆల్బర్ట్ సాబిన్ తయారుచేసిన పద్ధతి. అది అసలు వైరస్ వచ్చే దారిలోనే వెళ్లి పేగులో కొన్నాళ్లు పెరుగుతుంది. దాంతో రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. పేగు లోపలి పొర మీద కూడా ఐజీఏ అనే రకం యాంటీబాడీలు కాపలా కాస్తాయి. రేపు అసలు వైరస్ వచ్చినా అక్కడ సరిగ్గా పెరగలేదు.

సూదిలో ఉండేది చచ్చిన వైరస్. జోనస్ సాక్ టీకా ఇది, 1955లో వాడకానికి వచ్చింది. ఫార్మలిన్‌తో చంపేసిన వైరస్ ఒంట్లో పెరగదు. రక్తంలో యాంటీబాడీలను మాత్రం బ్రహ్మాండంగా పుట్టిస్తుంది, కాబట్టి వైరస్ వెన్నుపాము దాకా వెళ్లలేదు, కాలు దక్కుతుంది. పేగులో కాపలా మాత్రం తక్కువ. మా ఊరి లెక్కలో చెప్పాలంటే చుక్కలు బోర్డర్ దగ్గర చెక్‌పోస్టు, సూది ఊళ్లో పోలీస్ స్టేషన్. స్టేషన్ ఎంత గట్టిగా ఉన్నా, చెక్‌పోస్టు లేకపోతే సరుకు ఊరు దాటి పోతూనే ఉంటుంది.

దీనికి ఇజ్రాయెల్‌లో జరిగిందే సాక్ష్యం. అక్కడ 2005 నుంచి పిల్లలకి సూది ఒక్కటే వేసేవాళ్లు. 2013లో అక్కడి మురుగునీళ్లలో అసలు పోలియో వైరస్ దొరికింది. ఒక్క పిల్లాడి కాలూ పడిపోలేదు, వైరస్ మాత్రం ఒకరి పేగు నుంచి ఇంకొకరి పేగుకి తిరుగుతూనే ఉంది. చివరికి ప్రభుత్వం చుక్కల మందు తీసి పిల్లలకి పోయాల్సివచ్చింది.

అలాగని చుక్కలే గొప్పవా అంటే, వాటి కథా పూర్తిగా శుభ్రం కాదు. ఒక పిల్లాడు తాగిన మందు వైరస్ మలం ద్వారా పక్కింటి పిల్లాడికి కూడా అంటి వాడికీ కొంత రక్షణ ఇస్తుంది. మంచి అదే, చెడూ అదే. టీకాలు సరిగ్గా అందని చోట ఆ బలహీన వైరస్ నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతూ మారి, మళ్లీ కాళ్లు పడగొట్టే రూపం తెచ్చుకోవచ్చు. చుక్కలు తాగిన పిల్లాడికే పక్షవాతం రావడం చాలా అరుదు, సుమారు 27 లక్షల డోసులకి ఒకటి అని లెక్క. పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపించిన పిల్లలకి చుక్కలు అసలు వేయకూడదు. పైగా మనలాంటి దేశాల్లో పిల్లల పేగుల్లో వేరే వైరస్‌లూ విరేచనాలూ అడ్డుపడి మందు సరిగ్గా పట్టదు. యూపీ, బీహార్‌లలో ఎన్నో డోసులు తాగిన పిల్లలకీ ఒకప్పుడు పోలియో వచ్చింది అందుకే.

ఇప్పుడు అత్తగారి చుక్కల సంగతి. పోలియో వైరస్‌లో మూడు రకాలు. పాత చుక్కల్లో మూడూ ఉండేవి. మందు నుంచి మారి తిరగబడే వాటిలో ఎక్కువ రెండో రకమే అని తేలింది, అసలు రెండో రకమేమో ప్రపంచంలోనే అంతరించింది. అందుకని 2016 ఏప్రిల్‌లో చుక్కల నుంచి దాన్ని తీసేశారు. అంటే ఇప్పటి చుక్కలు ఒకటి, మూడు రకాలకే. రెండో రకం మీద పాపకి దొరికే రక్షణ సూదిలోదే. సూది మానేస్తే ఆ కిటికీ తెరిచే ఉంటుంది.

ఆ సూది కూడా అత్తగారు భయపడినంత పెద్దది కాదు. ప్రభుత్వం వేసేది పూర్తి డోసులో అయిదో వంతు, 0.1 మిల్లీలీటర్ మాత్రమే. కండలోకి కాదు, కుడి భుజం చర్మం పొరలోకి. సన్నసూది వాల్చి మెల్లగా ఎక్కిస్తుంటే చర్మం మీద చిన్న బుడగలా, నారింజ తొక్కలా లేస్తుంది. కాసేపటికి అణిగిపోతుంది. చర్మంలో రోగనిరోధక కణాలు ఎక్కువ కాబట్టి కొంచెం మందుతోనే పనవుతుంది. ఇలా రెండు చిన్న డోసులు ఇస్తే, కండలోకి ఇచ్చే ఒక పూర్తి డోసు కన్నా ఎక్కువ యాంటీబాడీలు వస్తాయి. ప్రైవేట్‌లో ఆరు జబ్బులకి కలిపి వేసే ఖరీదైన టీకాలో పోలియో పూర్తి డోసు ఉంటుంది, అది వేయించుకున్నా తప్పులేదు. వేలల్లో ఖర్చవుతుంది, అంతే. దానికి తోడు 'చుక్కలు దండగ' అనడమే నాకు నచ్చలేదు.

రెండూ కలిస్తే వచ్చే లాభం వేరే ఉంది. ముందు చుక్కలు తాగిన పిల్లలకి తర్వాత ఒక్క సూది ఇస్తే పేగులో కాపలా మళ్లీ గట్టిపడుతుందని 2014లో వేలూరు పరిశోధన చూపించింది. సూది ఒక్కటే వేయించుకున్న పిల్లలకి ఆ ఊపు రాదు. పేగు ఒకసారి ఆ వైరస్‌ని చూసి ఉండాలి మరి.

ఆ కార్డులోని మిగతా టీకాలకి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. తట్టు టీకా, బీసీజీ బతికున్నవే. ధనుర్వాతం టీకాలో క్రిమి ఉండదు, దాని విషాన్ని పనికిరాకుండా చేసి ఇస్తారు. హెపటైటిస్ బి టీకాలో వైరస్ పైపొర ముక్క ఒక్కటే. వాటికి చుక్కలా సూదా అని ఎంచుకునే పనే లేదు. ఆ కార్డులో పోలియో ఒక్కదానికే ఈ పేచీ.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది: "ఒక్క నీ పాప కాలు గురించే అయితే సూదికే నా ఓటు. కానీ నువ్వు నెలకి నాలుగుసార్లు ఇటూ అటూ తిరిగేదానివి, మన వీధిలో కాలవ ఇంకా మూత లేకుండానే పారుతోంది. రెండూ వేయించు." చుక్కల సీసా మీద గుండ్రటి గుర్తులో ఉండే చదరం చూడమన్నాను. వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం కన్నా తెల్లగా ఉంటేనే మందు మంచిది.

బుధవారం సాయంత్రం మళ్లీ వచ్చింది, జ్వరం వస్తే వేయడానికి పారాసెటమాల్ చుక్కల కోసం. పాప నిద్రపోతోంది. రెండు తొడలకీ సూదులు, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా వేసే రోటా మందు, కుడి భుజానికి ఆ చిన్న సూది, అన్నీ అయ్యాయి. భుజం చూపించి "బీసీజీలా మచ్చ పడుతుందా బాబాయ్?" అంది. పడదన్నాను. మూడో చిన్న సూది తొమ్మిదో నెలలో, ఎడమ భుజానికి. అప్పటికి తను పాతపట్నంలో ఉంటుందట. కార్డు ఒడియాలో ఉంటే అక్కడి సిస్టర్‌కి తెలుస్తుందా అని టెన్షన్. షెడ్యూలు దేశమంతా ఒకటే, తేదీలు అంకెల్లోనే ఉంటాయి, కార్డు మాత్రం పోగొట్టుకోకు అని చెప్పి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాను.