ఇన్, అవుట్: ఆ రెండు గళ్లతో ఆరేళ్లు

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో అవతార్ల (మన తరఫున అక్కడ తిరిగే బొమ్మల) కోసం ఆరేళ్లుగా యానిమేషన్లు ఎక్కిస్తున్నాను. కదలికలను దాచే బీవీహెచ్ ఫైలు ఇవ్వగానే వచ్చే అప్‌లోడ్ విండోలో ప్రయారిటీ, చేతి భంగిమ, ముఖంలో హావభావం లాంటివి చాలానే ఉంటాయి. అవన్నీ ఒక్క నిమిషం పని. నా టైమంతా తినేసేది లూప్ దగ్గరుండే రెండు గళ్లు, ఇన్, అవుట్. యానిమేషన్‌లో పదేపదే తిరగాల్సిన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పేవి అవే. రెండూ శాతాల్లోనే ఇవ్వాలి.

మొదట్లో కూర్చుని డ్రమ్ వాయించే యానిమేషన్ ఒకటి చేశాను. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన 300 ఫ్రేములు, అంటే పది సెకన్లు. మొదటి 60లో అవతార్ కూర్చుంటుంది, 240 దాకా వాయిస్తుంది, మిగతా దాంట్లో లేస్తుంది. లూప్‌కి టిక్ పెట్టి, 0, 100 అలాగే వదిలేసి ఎక్కించాను. కూర్చోవడం, నాలుగు దెబ్బలు వేయడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. గుంజీళ్లు తీస్తూ మధ్యలో డ్రమ్ వాయిస్తున్నట్టుంది! పెట్టాల్సింది ఇన్ 20, అవుట్ 80. ఒకసారి ఎక్కాక ఆ అంకెలు మారవు, సరిదిద్దాలంటే కొత్తగా ఎక్కించాల్సిందే. మామూలుగా ఒక్కో అప్‌లోడ్‌కి 10 లిండెన్ డాలర్లు (అక్కడి డబ్బు). సొమ్ము చిన్నదే, కానీ ఇన్వెంటరీలో ఒకే పేరుతో ఏడు ఫైళ్లు పోగయ్యాయి, అందులో మంచిది ఏదో నాకే తెలీదు.

అంకెలు కుదిరాక కుదుపు మొదలైంది. ప్రతి చుట్టులోనూ చెయ్యి చిన్నగా ఎగిరిపడేది. తప్పు నాదే. మొదటి ఫ్రేములాగే ఉండే చివరి ఫ్రేమును చుట్టులోంచి తీసేసే అలవాటు నాకు వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. ఇక్కడ అవుట్ దగ్గరికి రాగానే సమయం నేరుగా ఇన్‌కి దూకుతుంది, మధ్యలో అతుకు వేసేవాళ్లెవరూ ఉండరు. కాబట్టి ఆ రెండు చోట్లా భంగిమ అచ్చంగా ఒకటే ఉండాలి. భంగిమ ఒక్కటే చాలదు కూడా. ఇన్ దగ్గర పుల్ల పైకి లేస్తూ, అవుట్ దగ్గర కిందికి దిగుతూ ఉంటే, చెయ్యి అదే ఎత్తులో ఉన్నా కన్ను పట్టేస్తుంది. అందుకే ఇప్పుడు కోత పెట్టేది దెబ్బ పడే చోట. అక్కడ ఎలాగూ దిశ మారుతుంది కాబట్టి అతుకు కనబడదు.

ఈజ్ ఇన్, అంటే అవతార్ యానిమేషన్‌లోకి మెల్లగా జారే సమయం, పెంచితే కుదుపు పోతుందని చాలాకాలం భ్రమపడ్డాను. అది యానిమేషన్ మొదలైనప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది, ప్రతి చుట్టుకీ కాదు. యానిమేషన్ లోంచి మెల్లగా బయటపడే సమయం, ఈజ్ అవుట్, కథ వేరు. ఆపమనగానే యానిమేషన్ అప్పుడున్న చోటు నుంచి చివరివైపు సాగుతూ, ఈజ్ అవుట్ సెకన్లలోపే కరిగిపోతుంది. నేను కష్టపడి చేసిన లేచే భాగం రెండు సెకన్లు, ఈజ్ అవుట్ అర సెకను. ఇక ఎవరికి కనబడుతుంది?

బీవీహెచ్‌తో ఇంకో పేచీ ఉంది. ఎక్కించేటప్పుడు మరీ సన్నటి కదలికల కీఫ్రేములు (భంగిమను నమోదు చేసే ఫ్రేములు) ఏరివేతలో పోతాయి. ఊపిరి పీలుస్తూ నిలబడే భంగిమ చేస్తే బొమ్మలా బిగుసుకుపోయింది. అలాంటివాటికి సెకండ్ లైఫ్ సొంత రకమైన డాట్ యానిమ్ (.anim) ఫైలుకి మారాను. అందులో లూప్ సమయాలు సెకన్లలో ఫైల్లోనే ఉంటాయి, శాతాల లెక్కల బాధ తప్పింది.

కొత్తవాళ్లు ముందు టెస్ట్ గ్రిడ్‌లో, అంటే పరీక్షల కోసం విడిగా ఉంచిన సెకండ్ లైఫ్ లోకంలో, ప్రయత్నించండి. దాని పేరు అదితి, అసలు గ్రిడ్ పేరు అగ్ని. ఎవరు పెట్టారో గానీ ఆ పేర్లు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయే భంగిమ కావాలంటే మాత్రం ఇంత తంటా అక్కర్లేదు. లూప్ టిక్ పెట్టి ఇన్, అవుట్ రెండింటికీ 100 ఇవ్వండి, చివరి ఫ్రేములో ఆగిపోతుంది.