విమానంలో ఆపదొస్తే ఎవరి మాట చెల్లాలి: కెప్టెన్‌దా, సర్కారుదా?

2024 అక్టోబర్‌లో విమానాలకు ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వరసపెట్టి వచ్చాయి. అదే నెలలో మా తమ్ముణ్ని దుబాయ్ పంపాం. జడ్చర్లలో శంషాబాద్ బస్సెక్కించి ఇంటికొచ్చాక, వాడు దిగానని ఫోన్ చేసేదాకా అమ్మ పొయ్యి ముట్టించలేదు. రొట్టెకని కలిపిన జొన్నపిండి తాంబాళంలోనే ఎండి పగుళ్లు బారింది. విమానంలో ఆపదొస్తే ఎక్కడ దిగాలో ఎవరు చెప్పాలి అన్న ఆలోచన నాకు ఆ రాత్రే మొదలైంది.

నా మనసు ముందు కెప్టెన్ వైపే పోయింది. ఇంధనం ఎంతుందో, లోపల పరిస్థితేంటో తెలిసింది ఆయనకే. గొడవ చేసేవాణ్ని కట్టేసి పోలీసులకు అప్పగించే అధికారం 1963 నాటి అంతర్జాతీయ టోక్యో ఒప్పందమే ఆయనకిచ్చింది. కానీ హైజాకర్ పక్కన నిలబడి బెదిరిస్తుంటే ఆ నిర్ణయం ఆయనదెట్లా అవుతుంది?

1999 డిసెంబర్ 24న జరిగింది అదే. ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ-814 హైజాకై అమృత్‌సర్‌లో దిగింది. ముప్పావు గంటకు పైగా మన నేల మీదే ఉంది. ఢిల్లీలో ఏమీ తేలకముందే లాహోర్‌కు ఎగిరిపోయింది. రూపిన్ కత్యాల్ అనే ప్రయాణికుణ్ని హైజాకర్లు చంపేశారు. కాందహార్ దాకా తీసుకుపోయినవాళ్లు అక్కణ్నుంచి బయటపడేసరికి డిసెంబర్ 31 అయింది. చక్రాలు నేల మీదున్నప్పుడు విమానాన్ని ఆపాల్సింది సర్కారే, అదీ నిమిషాల్లో.

అట్లాగని గాల్లో ఉన్న విమానాన్ని కూడా సర్కారు చేతికే వదిలేద్దామా? 2021 మే 23న ఏథెన్స్ నుంచి విల్నియస్ పోతున్న విమానంలో బాంబుందని చెప్పి బెలారస్ సర్కారు దాన్ని తన రాజధాని మిన్‌స్క్‌లో దింపించింది. లోపలున్న, తనను విమర్శించే జర్నలిస్టు రోమన్ ప్రొటాసెవిచ్‌ను అరెస్టు చేసింది. బాంబు లేనే లేదు. అందుకే గాల్లో ఉన్నంతసేపు కింద నుంచి నిజమైన సమాచారం అందాలి, ఆఖరి మాట కెప్టెన్‌దే కావాలి.

ఇక కూల్చేసే అధికారం. 1983లో సోవియట్ యుద్ధవిమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చితే 269 మంది పోయారు. మరుసటి ఏడే, పౌర విమానాలపై దేశాలన్నీ చేసుకున్న షికాగో ఒప్పందంలో కొత్త నిబంధన చేర్చారు: దిగమని ఆదేశించొచ్చు, పౌర విమానం మీద ఆయుధం మాత్రం వాడొద్దు. అయినా 2005లో మన కేంద్రం, హైజాకర్లు విమానాన్నే క్షిపణిలా వాడబోతే కూల్చొచ్చని విధానం పెట్టుకుంది. అట్లాంటి చట్టాన్నే జర్మనీ రాజ్యాంగ కోర్టు 2006లో కొట్టేసింది. లోపలున్న అమాయకులను వస్తువుల్లా లెక్కగట్టే హక్కు రాజ్యానికి లేదంది. నేను ఆ కోర్టు వైపే. శంషాబాద్ నుంచి గల్ఫ్ పోయే ఏ విమానం చూసినా, లోపల మా తమ్ముడిలాంటి వాళ్లే ఉంటారు.