శ్రీకాకుళం ఒకరోజు గుళ్ల ప్యాకేజీ: కారు బాగుంది, టైం లెక్క బాగోలేదు

శ్రీకాకుళంలో ఒక ట్రావెల్స్ వాళ్లు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, ముఖలింగం ఒక్కరోజులో చూపిస్తామంటే కారు మాట్లాడుకున్నాం. చెప్పిన టైముకి బండి వచ్చింది, ఏసీ పనిచేసింది, డ్రైవర్ కుర్రాడు నిదానంగా తోలాడు, అంతవరకు వంక పెట్టడానికేం లేదు. నా గొడవంతా ఎక్కడ ఎంతసేపు ఆపుతారన్నదాని మీదే.

ఆదివారం కావడంతో అరసవల్లి సూర్యుడి గుడిలో సగం పూట క్యూలోనే పోయింది. కళ్ల జబ్బులు, చర్మరోగాలు తగ్గాలని మొక్కుకున్నవాళ్లే ఎక్కువ. రోజూ కళ్లెదుట కనబడే దేవుణ్ని అడక్క ఎవర్ని అడుగుతారు? రద్దీ మీద నాకు ఫిర్యాదు లేదు, ఆదివారం ఈ ప్యాకేజీ అమ్మడమే తప్పు.

శ్రీకూర్మంలో ముప్పావుగంట ఇచ్చారు. అస్సలు చాలదు. రెండు ధ్వజస్తంభాలు, తాబేళ్లు చూసి ఫొటోలు తీసుకునేసరికే అది అయిపోతుంది, కానీ ఇక్కడికి చాలామంది వచ్చేది పోయినవాళ్ల కోసం. శ్వేత పుష్కరిణిలో అస్థికలు కలుపుతారు, పిండాలు పెడతారు. మా పక్కనే ఒక పెద్దాయన తండ్రి పేరు, తాత పేరు గబగబా చెప్పేసి ముత్తాత దగ్గర ఆగిపోయాడు, పంతులుగారు మంత్రం ఆపి చూస్తుంటే ఫోన్ తీసి "అక్కా, మన ముత్తాత పేరేటే?" అని అడిగాడు. మతం ఎందుకు పుట్టిందని ఎవరైనా అడిగితే నేను ఆ ఫోన్ కాల్ గురించే చెప్తాను. టైలర్ అనే ఆంగ్ల మానవశాస్త్రవేత్త 1871లో మతం మూలాన్ని చావులోనూ, పోయినవాళ్లు కలలో కనబడటంలోనూ వెతికాడు.

కొండ మీద పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం దాటేసి పోదామన్నాడు డ్రైవర్. "అక్కడేటున్నాది బాబూ, ఇటకలు తప్పితే." పట్టుబట్టి ఎక్కాం. ఆ ఇటుకల్ని 1919లో లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. స్తూపాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచే భరిణెలు దొరికాయి, అంటే ఇదీ పోయినవాళ్లని దాచుకున్న చోటే. మోక్షానికి దేవుడి అవసరం లేదన్న బుద్ధుడి దారిలోకీ చివరికి దేవతలు వచ్చేశారు, ఇక్కడ తార, మారీచి విగ్రహాలున్నాయి. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలైతే మారీచి రథానికి ఏడు పందులు, పొద్దున్న అరసవల్లి చూసొచ్చినవాళ్లకి ఇది భలే తమాషాగా ఉంటుంది. కొండ మీద నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లండి. కింద వంశధార మాత్రం చూసి తీరాలి.

ముఖలింగం చేరేసరికి సాయంత్రమైంది. స్థలపురాణం ప్రకారం శివుడు సవరలనే గిరిజనులకి ఇప్పచెట్టులో కనిపించాడు, తర్వాత అదే చోట కళింగాన్ని ఏలిన గంగరాజులు ఇంత గుడి కట్టించారు. అడవిలో చెట్టుకి మొక్కుకున్న మొక్కు వాళ్ల రాజధాని నడిబొడ్డుకి వచ్చేసిందన్నమాట. మహేంద్రగిరి గోకర్ణేశ్వరుడి దయవల్లే ఏలుతున్నామని శాసనాల్లో రాయించుకున్న రాజులు వీళ్లు, అలా రాయించాక ఎదురుచెప్పే ధైర్యం ఎవరికుంటుంది? గోడల మీద శిల్పాలు చూస్తుండగానే డ్రైవర్ హారన్ కొట్టడం మొదలెట్టాడు.

దిగేటప్పుడు ముందు చెప్పని వెయిటింగ్ ఛార్జీ అడిగారు, శాలిహుండంలో ఆగినందుకట. సగం ఇచ్చి వచ్చేశాం. బండికి నాలుగు స్టార్లు, ప్లానుకి రెండు. వెళ్లేవాళ్లు మామూలు రోజు చూసుకుని, వెయిటింగ్ సంగతి ముందే తేల్చుకుని, శాలిహుండం పొద్దున్నే పెట్టుకోండి.